ఐదో బంతి

ఓవర్లో ఐదో బంతి. మిగిలింది ఒక్క వికెట్.

2018 నవంబరు. పుదుచ్చేరి శివార్లలో సీకెమ్ మైదానం. ఈశాన్య రుతుపవనాల నెలలో ఈ ఊళ్లో ఏదీ ఓ పట్టాన ఆరదు: దండెం మీద చొక్కా ఆరదు, మెడ మీద చెమట ఆరదు, స్పిన్నర్ వేళ్లు అసలే ఆరవు, అందుకే ఇక్కడ బంతి అందుకున్నవాడు అరచేతిని ప్యాంటుకి రాసుకుని, మళ్లీ రాసుకుని, కుట్టు మీద చూపుడువేలు సరిగ్గా ఆనిందా లేదా అని తడిమి చూసుకుని గానీ అడుగు కదపడు. తడి బంతి సబ్బుముక్కలా జారుతుంది. జారితే ఫుల్‌టాస్. పడితే ఫోర్.

బంతి సిదక్ సింగ్ చేతిలో ఉంది. 19 ఏళ్ల కుర్రాడు. ఎడమచేతి స్పిన్. ఎదురుగా మణిపూర్ ఆఖరి జోడీ. తొమ్మిది పడ్డాయి. తొమ్మిదీ అతనే తీశాడు.

ఆడుతున్నది 23 ఏళ్లలోపు కుర్రాళ్ల టోర్నీ. పేరు సి.కె. నాయుడు ట్రోఫీ. మన తెలుగింటి బిడ్డ, 1932లో భారత్ ఆడిన మొట్టమొదటి టెస్టుకి కెప్టెన్, ఆ నాయుడుగారి పేరు. పుదుచ్చేరి దేశవాళీ క్రికెట్‌లో అడుగుపెట్టింది ఆ సీజన్లోనే. బిహార్, ఉత్తరాఖండ్, ఈశాన్య రాష్ట్రాలతో కలిపి ఒకేసారి తొమ్మిది కొత్త జట్లు. సిదక్ మాత్రం కొత్తవాడు కాదు. పదిహేనేళ్లకే ముంబై సీనియర్ జట్టుకి టీ20లు ఆడాడు. అక్కణ్నుంచి ఇక్కడికి వచ్చాడు.

పదికి పది తీయడం ఒక్క మనిషి చేతిలో ఉండే పని కాదు. రెండో ఎండ్‌లో ఇంకొకడు బంతులు వేస్తూనే ఉంటాడు. వాడికి ఒక్కటి పడిందా, అంతే. కథ అక్కడే ఆగిపోతుంది.

1956 జూలై 31, మాంచెస్టర్. ఆస్ట్రేలియా మీద జిమ్ లేకర్ ఒకే ఇన్నింగ్స్‌లో పది వికెట్లూ తీశాడు. 53 పరుగులకి 10. అప్పుడు రెండో ఎండ్‌లో టోనీ లాక్. అదే పిచ్, అదే బంతి. అతనిదీ స్పిన్నే, అదీ ఎడమచేతిది. 55 ఓవర్లు వేశాడు. చెమటోడ్చాడు. ఒక్క వికెట్ పడలేదు.

అదే ఏడాది అక్టోబర్ 8. న్యూయార్క్, యాంకీ స్టేడియం. ఆట వేరు, బేస్‌బాల్. బిగబట్టిన ఊపిరి మాత్రం ఒకటే. పిచర్ డాన్ లార్సెన్. అమెరికా వరల్డ్ సిరీస్‌లో ఐదో మ్యాచ్. ఎదురుగా బ్రూక్లిన్ డాడ్జర్స్. బేస్‌బాల్‌లో పర్ఫెక్ట్ గేమ్ అంటే 27 మందిని వరుసబెట్టి ఔట్ చేయాలి. ఒక్కడు కూడా బేస్ మీద కాలు పెట్టకూడదు. ఏడో ఇన్నింగ్స్ దాటేసరికి డగౌట్ మూగబోయింది. పలకరిస్తే దిష్టి తగులుతుందని పక్కనున్నవాళ్లంతా జరిగి కూర్చున్నారు. లార్సెన్ సిగరెట్ ముట్టించాడు. సాధిస్తానంటావా అన్నట్టు మికీ మాంటిల్‌ని కదిపాడు. మాంటిల్ నోరు మెదపలేదు. లేచి వెళ్లిపోయాడు.

97వ బంతి. బ్యాట్ పట్టుకుని డేల్ మిచెల్. బ్యాట్ సగం కదిలి ఆగింది. అంపైర్ చెయ్యి లేచింది. క్యాచర్ యోగీ బెర్రా పరుగెత్తుకొచ్చి, చంటిపిల్లాడు తండ్రి మీదికి ఎగబాకినట్టు, లార్సెన్ మీదికి దూకాడు. వరల్డ్ సిరీస్‌లో అంతకుముందు లేదు. ఆ తర్వాతా లేదు.

మన దేశంలో ఆ నిశ్శబ్దం దిగింది 1999 ఫిబ్రవరి 7న, ఢిల్లీ కోట్లాలో. కుంబ్లే ఖాతాలో తొమ్మిది. రెండో ఎండ్‌లో శ్రీనాథ్. దేశం మొత్తం టీవీ ముందు కూర్చుని, మన బౌలర్‌కే వికెట్ పడకూడదని మొక్కుకున్న రోజు బహుశా అదొక్కటే. శ్రీనాథ్ బంతిని బ్యాట్‌కి అందనంత దూరంగా విసిరేశాడు. వైడ్. వికెట్ల కోసం పుట్టిన ఫాస్ట్ బౌలర్, వికెట్ పడకుండా చూడటానికి అంత కష్టపడ్డాడు. స్కోరుకార్డులో దానికి గడి లేదు. నా లెక్కలో మాత్రం ఆ వైడ్ విలువ వికెట్‌తో సమానం. తర్వాతి ఓవర్ కుంబ్లేది. వసీం అక్రమ్ బ్యాట్‌కి తగిలి బంతి గాల్లోకి లేచింది. కింద షార్ట్‌లెగ్‌లో ఉన్నది మన హైదరాబాదీ లక్ష్మణ్. ఆ చేతుల్లో పడింది.

మళ్లీ సీకెమ్. ఇది సిదక్ వేస్తున్న 18వ ఓవర్. టీవీ లేదు, వేలమంది జనం లేరు. ఇంతవరకూ రెండో ఎండ్‌లో వేసినవాళ్లెవరికీ ఒక్క వికెట్ రాలేదు. సిదక్ వేళ్లు కుట్టు మీద బిగిశాయి. నాలుగడుగులు. భుజం తిరిగింది. బంతి చెయ్యి దాటింది.

పదోది పడింది.

17.5 ఓవర్లు. 7 మెయిడెన్లు. 31 పరుగులు. 10 వికెట్లు. ఆ ఇన్నింగ్స్ బౌలింగ్ పట్టికలో, వికెట్ల వరుసలో ఒకే ఒక్క పేరు పక్కన అంకె ఉంది. మిగతా అన్ని గళ్లలోనూ సున్నాలు.

మణిపూర్ కుర్రాళ్లు ప్యాడ్లు విప్పుకుని వెళ్లిపోయారు.

సరిగ్గా మరుసటి నెల. 2018 డిసెంబరు. ఈసారి మన అనంతపురం, ఆర్డీటీ స్టేడియం. పొడిగాలి. వేళ్లకి తడి అంటని నేల. 19 ఏళ్లలోపు కుర్రాళ్ల కూచ్ బెహార్ ట్రోఫీ. బంతి అందుకున్నది రెక్స్ రాజ్‌కుమార్ సింగ్. 18 ఏళ్లు. ఇతనిదీ ఎడమ చెయ్యే, కాకపోతే పేస్. ఎదురుగా అరుణాచల్ ప్రదేశ్. 36 పరుగులకే జట్టంతా ఔట్. 11 పరుగులిచ్చి పదికి పదీ రెక్సే తీశాడు.

అతనిది మణిపూర్ జట్టు. వేసింది 9.5 ఓవర్లు. పదో వికెట్ పడింది ఐదో బంతికే.