దమ్మపేటకు చదువు ఖర్చు చేరిన దారి

దమ్మపేట ప్రాంతంలో కళాశాల చదువు చరిత్రను భవనాల ప్రారంభోత్సవాలతో చెప్పడం కంటే, ఒక్కో కాలంలో విద్యార్థి పేరిట ఖర్చయిన డబ్బు ఎవరి చేతికి వెళ్లిందన్న లెక్కతో చెప్పడమే సబబు. ఖమ్మం మైదానానికీ భద్రాచలం అడవికీ నడుమ, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఈ షెడ్యూల్డ్ ప్రాంతపు మండలంలో కోయలు, కొండరెడ్లు, పామాయిల్ తోటల మీద బతికే రైతులు, కూలీలు ఉన్నారు. ఇక్కడి కుటుంబానికి కళాశాల అంటే మొదట గుర్తొచ్చేది ఫీజు కాదు, ఇల్లు వదిలి పట్నంలో ఉండటానికయ్యే ఖర్చు.

నిజాం కాలంలో ఈ ప్రాంతమంతా వరంగల్ సుబాలో ఉండేది. వరంగల్‌లో 1927లో ఇంటర్మీడియట్ కళాశాల వచ్చినా, బోధన ఉర్దూలో సాగిన ఆ రోజుల్లో అడవి అంచు పిల్లలకు అది అందని మాట. 1953లో ఖమ్మం ప్రత్యేక జిల్లా అయ్యాక, 1956లో జిల్లా కేంద్రంలో ఎస్.ఆర్. అండ్ బి.జి.ఎన్.ఆర్. కళాశాల వెలిసింది. అప్పటికే కేంద్ర ప్రభుత్వం 1944-45లో దళితులకు మొదలుపెట్టిన పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాన్ని, అంటే పదో తరగతి దాటిన చదువుకిచ్చే సాయాన్ని, 1948-49 నుంచి గిరిజనులకూ వర్తింపజేసింది. కానీ పదో తరగతే దాటని చోట ఆ డబ్బు అడిగేవారెవరు?

ఐదో పంచవర్ష ప్రణాళికలో గిరిజన ఉప ప్రణాళిక, దాని వెంట సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ వచ్చి, బడినీ వసతినీ ఒకే ఆవరణలో ఉంచే ఆశ్రమ పాఠశాలలు పెరిగాక పరిస్థితి మారడం మొదలైంది. అయితే విద్యపై ఖర్చులో సింహభాగం జీతాలదే కాబట్టి, పట్నంలో కాపురముంటూ ఏజెన్సీ బడికి అప్పుడప్పుడూ వచ్చిపోయే ఉపాధ్యాయుడి మీద పెట్టిన ఖర్చు కాగితం మీద పూర్తిగానూ తరగతి గదిలో సున్నాగానూ కనిపించేది. షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులు స్థానిక గిరిజనులకే ఇవ్వాలంటూ 1986లో వచ్చిన 275వ నంబరు, 2000లో వచ్చిన 3వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వుల వెనుక ఉన్న ఒక ముఖ్య కారణం ఈ గైర్హాజరే. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో 3వ నంబరు ఉత్తర్వును కొట్టివేసింది.

2008-09లో ఉమ్మడి రాష్ట్రం చేపట్టిన ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే విద్యార్థి బోధన రుసుమును ప్రభుత్వమే కళాశాలకు చెల్లించే పద్ధతి, డబ్బు దారినే మార్చేసింది. పేదింటి పిల్లలు ఇంజినీరింగ్ గడప తొక్కడం దీనివల్లే సాధ్యమైందన్నది కాదనలేని నిజం. కానీ ఆ ఖర్చు పిల్లవాడి వెంట ఊరు దాటి పట్నాల ప్రైవేటు కళాశాలలకు చేరింది. సుప్రీంకోర్టు 2003 తీర్పు తరువాత ఏర్పడిన ఫీజుల నియంత్రణ కమిటీలు కళాశాల సమర్పించే ఆదాయ వ్యయాల పద్దులను చూసి రుసుము ఖరారు చేస్తాయి గనుక, పద్దులో ఎక్కువ ఖర్చు చూపితే ఎక్కువ ఫీజుకు అవకాశం దక్కుతుంది. ఆ ఖర్చు చదువు నాణ్యతను పెంచిందా లేదా అన్న ప్రశ్నకు ఆదాయ వ్యయాల పట్టికలో జవాబు దొరకదు.

ఖర్చు పెరిగితే చదువు మెరుగవుతుందా అన్న ఈ వాదం ఇక్కడిదే కాదు. అమెరికాలో 1966లో వెలువడిన కోల్మన్ నివేదిక బడి ఖర్చు కంటే ఇంటి నేపథ్యమే పిల్లల ఫలితాలను ఎక్కువగా నిర్ణయిస్తుందని చెప్పగా, యాభై ఏళ్ల తరువాత జాక్సన్, జాన్సన్, పెర్సికోల పరిశోధన పన్నెండేళ్లపాటు తలసరి ఖర్చు 10 శాతం పెరిగితే పేద పిల్లల చదువూ సంపాదనా స్పష్టంగా పెరిగాయని తేల్చింది. ఇంట్లో లేనిదాన్ని బడి సమకూర్చినప్పుడే ఈ రెండు మాటలకూ పొత్తు కుదురుతుంది. ఆ పనికి తెలుగునాట దొరికిన రూపం గురుకులం.

1971లో సర్వేల్‌లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం ప్రారంభించిన గురుకుల పద్ధతికి 1999లో గిరిజనుల కోసం ప్రత్యేక సంస్థ తోడైంది. తెలంగాణ ఏర్పడ్డాక గురుకులాలు డిగ్రీ స్థాయికి ఎదిగి, దమ్మపేట మండలంలోనూ గిరిజన మహిళా డిగ్రీ కళాశాల వచ్చింది. ఆడపిల్లను దూరం పంపడానికి వెనుకాడే తల్లిదండ్రులకు ఇది ఫీజు మాఫీ కంటే పెద్ద వెసులుబాటు. ఇక్కడ విద్యార్థిని తలకయ్యే ఖర్చు సాధారణ ప్రభుత్వ కళాశాల కంటే ఎక్కువన్న విమర్శ లేకపోలేదు. అయితే ఆ విమర్శ భోజనాన్నీ వసతినీ బోధనకు బయటి ఖర్చుగా లెక్కిస్తుంది, పొరపాటు అక్కడే ఉంది. 2024 చివరలో ప్రభుత్వం కళాశాల స్థాయి విద్యార్థుల మెస్ చార్జీలను నెలకు 1,500 రూపాయల నుంచి 2,100కు పెంచింది. రోజుకు పడేది 70 రూపాయలు; పొద్దుటి టిఫిను, రెండు పూటల అన్నం, కూర, సాయంత్రపు చిరుతిండి అన్నీ ఆ 70 రూపాయల్లోనే గడవాలి.