మూడేళ్లన్న మాట

గోదావరిఖని కార్మిక కాలనీల్లో గర్భిణి చేతిలో ఫోలిక్ మాత్రలు పెడుతుంటే చూసినప్పుడల్లా నాకు ఇంటికి రాని ఒక మనిషి గుర్తొస్తాడు. బోదకాలు మాత్రలు పంచే రోజుల్లోనూ అంతే. రెండింటి వెనకా శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు చెయ్యి ఉంది. ఆ మందులు మా బొగ్గుబాయిల ఊరిదాకా వచ్చాయి. ఆయన సొంతూరు భీమవరందాకా కూడా రాలేకపోయాడు.

వెళ్లేటప్పుడు మూడేళ్లన్నాడు. 1922 అక్టోబరు చివర బోస్టన్‌లో దిగాడు. ఇక్కడ భార్య శేషగిరి గర్భవతి. అక్కడ హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదువు. పొట్టకోసం రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలెత్తే పని. ఇలాంటివి ఇంటికి రాసే ఉత్తరాల్లో ఎవరు రాస్తారు? ఇవాళ వీడియో కాల్‌లో కనిపించే మా ఖని పిల్లలు కూడా "తిన్నానమ్మా" అనే అంటారు.

కొడుకు పుట్టాడు. తండ్రి కళ్లబడకుండానే, నెలల పసికందుగానే, చర్మానికి సోకిన రోగంతో పోయాడు. ఉత్తరం ఓడెక్కి సముద్రాలు దాటడానికి వారాలు పట్టే కాలమది. ఒక ఒడ్డున ఏడ్చి ఏడ్చి కళ్లు ఎండిపోయాక, రెండో ఒడ్డున ఏడుపు మొదలయ్యేది.

అసలు ఈ ప్రయాణమే తప్పిపోయేది. మద్రాసు వైద్య కళాశాలలో ఆయన ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ఆచార్యుడికి కోపమొచ్చింది. ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. సర్కారు వైద్య కొలువు దక్కలేదు. దక్కి ఉంటే ఏ తాలూకా ఆసుపత్రిలోనో నాడి చూసి, పొద్దుగూకగానే ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేవాడేమో. మరి ఆ మందులు ఏమయ్యేవి? శేషగిరి పక్కన నిలబడితే ఆ ప్రశ్న అడగబుద్ధి కాదు.

గడువు తీరిన 1925లోనే, హార్వర్డ్ శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించాడు. అప్పుడు రావచ్చు. కండరాల్లో ఫాస్ఫోక్రియేటిన్ కనుగొన్నాడు, ఆ తర్వాత ఏటీపీ. ఒక్కొక్కటీ ఇంకొన్నాళ్లు ఆగమంది. అన్న పురుషోత్తాన్ని పొట్టనబెట్టుకున్న స్ప్రూ అనే పేగుల రోగం తలపు లోపల తొలుస్తూనే ఉంది. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. అప్పుడూ రావచ్చు. 1940లో హార్వర్డ్ శాశ్వత కొలువు ఇవ్వనంది. చిన్నబోయిన మనిషికి ఇల్లు గుర్తుకొచ్చే ఘడియ అదే. కానీ సముద్రాల మీద యుద్ధం నడుస్తోంది, మందుల సంస్థ లెడర్లీ తన ప్రయోగశాల తలుపు తెరిచింది.

1948లో ఆయన బృందం ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను లోకానికి అందించింది. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్ల వయసులో, న్యూయార్క్‌లో ఆయన గుండె ఆగింది. చివరిదాకా అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. ఇక్కడ దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కావస్తోంది.

శేషగిరికి చెప్పి వెళ్లిన ఆ మూడేళ్లకు 26వ ఏడు నిండవస్తోంది.