డి.జె. విద్య: పుట్టుపూర్వోత్తరములు

పెండ్లి యూరేగింపులలోను, వినాయక నిమజ్జనములలోను, కళాశాలల వార్షికోత్సవములలోను ‘డి.జె.’ యను మాట వినని తెలుగువారు నేడు లేరు. అయితే మనలో పెక్కుమంది ఆ మాటను ఒక మనుష్యునకుగాక ఒక చప్పుడునకు పేరుగా వాడుచున్నారు. లారీమీద పేర్చిన లౌడుస్పీకర్ల గోడయే మనకు డి.జె. ‘డి.జె. పెట్టించినారు’ అందుముగాని, ‘డి.జె. చక్కగా వాయించినాడు’ అనువారు అరుదు. నిజమునకు డి.జె. యనగా డిస్కు జాకీ. రికార్డును గుఱ్ఱముగా జేసి స్వారిచేయు రౌతు అని భావము. ఇది అమెరికా రేడియో లోకమున పుట్టిన పలుకుబడి. గుఱ్ఱము మాత్రమే కనబడి రౌతు మఱుగుపడిన యీ దినములలో, ఆ రౌతు ఎట్లు పుట్టెను, అతని పనిముట్లు ఏ యక్కఱలవలన ఏర్పడెను, ఆ చరిత్ర నేటి అభ్యాసకున కేమి నేర్పుచున్నది అను విషయములను విచారింతము.

ఎడిసన్ 1877 లో ధ్వనిని స్తూపముమీద బంధించెను. పది సంవత్సరములకు, 1887 లో, ఎమిల్ బెర్లినర్ దానిని చదునైన పళ్లెరముమీదికి దెచ్చెను. గ్రామఫోను రికార్డు అట్లు పుట్టినది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు నా రికార్డు ఒక ప్రక్క వాయించినచో ఇంచుమించు మూడు నిమిషములే. మన నాటకములలోని పద్యములును ఆ మూడు నిమిషములలో నిమిడియే యూరూర వినబడెను. తరువాతి కాలమున పెండ్లిపందిటిలో ఒక మూల మైకుసెట్టువాడు రికార్డుల దొంతర ప్రక్కన బెట్టుకొని, ముల్లు మార్చుచు, పాట మార్చుచు కూర్చుండెడివాడు. మంగళసూత్రధారణ వేళకు ఏ పాట, భోజనముల వేళకు ఏ పాట, అప్పగింతల వేళకు ఏ పాట యని యెఱిగిన యాతడే మన తొలి డి.జె. యనిన దోషములేదు. అతనికి లేనిదొక్కటే: ఒక పాట ముగిసి వేఱొకటి యారంభమగు నడుమ మౌనమును పూడ్చు సాధనము. డి.జె. విద్య చరిత్రయంతయు ఆ మౌనమును దాటుటకు మానవుడు చేసిన ప్రయత్నముల చరిత్రయే.

ఆ మౌనమును మొదట మాటలతో పూడ్చిరి. 1935 లో న్యూయార్కు రేడియోలో మార్టిన్ బ్లాక్ అను ప్రకటనకర్త, ఒక సుప్రసిద్ధమైన హత్యానేర విచారణ వార్తల నడుమ తీరిక దొరకగా, రికార్డులు వాయించి, ఎదుట నిజమైన నాట్యశాలయు వాద్యబృందమును ఉన్నట్లే శ్రోతలను నమ్మింపజొచ్చెను. ఆ కార్యక్రమము మిక్కిలి ప్రజాదరణము పొందెను. కాని ఈ ముచ్చటకు మూల్యము చెల్లించినవారు కలరు. రికార్డు వాయించినచోట వాద్యగానికి పనిలేదు. అమెరికా సంగీతవిద్వాంసుల సంఘము, తన యధ్యక్షుడగు జేమ్స్ పెట్రిల్లో నాయకత్వమున, 1942 ఆగస్టు మొదలు రికార్డులకు వాయించుట మానివేసెను. పెద్ద కంపెనీలు రాజీపడువఱకు, అనగా 1944 నవంబరు వఱకు, ఆ సమ్మె సాగెను. మన యూళ్లలో సన్నాయి, డోలు వాయించువారి బ్రతుకును తలచుకొన్నచో వారి భయము నిరాధారము కాదని తెలియును. ఒకరి కూటిని తొలగించి పుట్టిన విద్య ఆ లోటునకు దగిన కొత్త సొగసును లోకమునకు ఈయవలసియుండెను. అది యిచ్చినదా యనునదే మన ప్రశ్న.

మొదటి సమాధానము జమైకా ద్వీపమునుండి వచ్చినది. 1950 తరువాతి సంవత్సరములలో కింగ్‌స్టన్ నగరపు పేదపేటలలో వాద్యబృందమును పిలిపించుటకు ధనము లేనివారు, పెద్ద ఆంప్లిఫయర్లను, స్పీకరుపెట్టెలను కూర్చి, ఆరుబయట నాట్యసభలు జరుపుకొనిరి. వీనికి ‘సౌండ్ సిస్టమ్’ అని పేరు. క్లెమెంట్ డాడ్, డ్యూక్ రీడ్ మొదలగువారు ఒకరితో నొకరు పోటీపడిరి. అమెరికానుండి తెచ్చిన అరుదైన రికార్డుపేరు ప్రత్యర్థికి తెలియకుండుటకై దానిమీది చీటీని గీకివేయుటయు ఆ పోటీలో భాగమే. అనగా, డి.జె. కు మొదటి సొత్తు యంత్రముగాదు, పాటల యెన్నిక. రేడియోలు బాగుచేయు వృత్తినుండి వచ్చిన కింగ్ టబ్బీ తన యంత్రములను తానే కట్టుకొని, ఒకే పాటలోని గాత్రమును తగ్గించి, ప్రతిధ్వనిని పెంచి, దానికి కొత్త రూపమిచ్చెను. తన యంత్రపు లోపలిభాగము నెఱిగినవాడే దానిచేత కొత్త మాట పలికింపగలడని అతని జీవితము చెప్పుచున్నది.

రెండవ సమాధానము న్యూయార్కునుండి వచ్చినది. పూర్వము క్రైస్తవ దేవాలయముగా నుండిన ‘శాంక్చువరీ’ యను నాట్యశాలలో, 1970 ప్రాంతమున, ఫ్రాన్సిస్ గ్రాసో రెండు యంత్రములమీద రెండు రికార్డుల నుంచి, మొదటిది సభకు వినబడుచుండగనే రెండవదానిని హెడ్‌ఫోనులో తాను మాత్రము వినుచు, దరువులు రెండును కలిసిన క్షణమున ఒకదానినుండి వేఱొకదానికి దాటెడివాడు. యంత్రపు పళ్లెము క్రింద తిరుగుచుండగా రికార్డును వ్రేలితో నిలిపియుంచి, సరియైన క్షణమున విడుచుట అతని కౌశలము. నాట్యము చేయువారి కాలు ఆగలేదు. మౌనము మాయమయ్యెను. ఆ వెంటనే, 1971 లో, రూడీ బోజాక్ కంపెనీవారి మిక్సరు వెలువడెను. రెండు ధ్వనులను కలుపుటకును, ఒకదానిని రహస్యముగా ముందు వినుటకును వీలు కలిగించిన యాయుధమది.

జపానులో మత్సుషిత కంపెనీవారి ఇంజనీరు షుయిచి ఒబాటా, మోటారునకును పళ్లెమునకును నడుమ రబ్బరుపట్టీని తీసివేసి, మోటారే పళ్లెమును నేరుగా త్రిప్పు విధానమును రూపొందించెను. పట్టీ సాగుట, జాఱుట లేదు. చేయి వదలిన తక్షణమే వేగమందుకొనును. 1972 లో టెక్నిక్స్ ఎస్.ఎల్. 1200 వెలువడెను. 1979 లో దాని రెండవ రూపము, వేగమును నూటికి ఎనిమిది పాళ్లు హెచ్చించుటకు, తగ్గించుటకు వీలైన జాఱుమీటతో వచ్చెను. ఆ మీట ప్రయోజనమును ఒక లెక్కచే చూడుడు. ఒక పాట దరువు నిమిషమునకు 120, వేఱొకదానిది 124. మొదటిదానిని నూటికి మూడు పాళ్లకు కొంచెము మించి వేగపఱచినచో రెండును ఒక్క అడుగై నడచును. ఇదే మేళవింపు మర్మము.

మూడవ సమాధానము బ్రాంక్సు పేటలోనిది. 1973 ఆగస్టు 11 వ తేదీన, సెడ్జ్‌విక్ వీథిలోని యొక పెద్ద వాసగృహమున, బడికి కొత్త బట్టలు కొనుక్కొనదలచిన సిండీ కాంబెల్ అను బాలిక ఏర్పఱచిన విందులో, ఆమె యన్న కూల్ హెర్క్ రికార్డులు వాయించెను. ఇతడు జమైకాలో పుట్టినవాడు. పాటలో గాత్రమాగి మృదంగ వాద్యము మాత్రము మ్రోగు కొన్ని క్షణములకే జనము ఉప్పొంగుట యతడు గమనించి, ఒకే రికార్డు రెండు ప్రతులు తెచ్చి, ఆ క్షణములనే మరల మరల వాయించి పొడిగించెను. విద్యుత్పరికరముల చదువు చదివిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్, రికార్డుమీద రంగుగీత గీసి, గడియారపు ముల్లు చూచినట్లు చూచి, ఆ పనికి శాస్త్రపు కచ్చితత్వము నిచ్చెను. గ్రాండ్ విజర్డ్ థియోడోర్ రికార్డును ముందువెనుకలకు గీకి, ఆ గరగర ధ్వనినే వాద్యముగా మార్చెను. హిప్‌హాప్ యనబడు సంగీతమునకు ఇదియే పుట్టినిల్లు. వాద్యము కొనలేని బాలురు రికార్డు యంత్రమునే వాద్యముగా జేసికొనిరి. నేను పైన వేసిన ప్రశ్నకు ఇంతకంటె మంచి జవాబు లేదు.

తరువాతి కథ త్వరగా నడచినది. 1977 మొదలు షికాగోలో ఫ్రాంకీ నకల్స్ వాయించిన ‘వేర్‌హౌస్’ పేరుమీదుగనే హౌస్ సంగీతము వెలసెను. 1994 లో పయొనీర్ కంపెనీ డి.జె. లకై సి.డి. యంత్రమును తెచ్చెను, 2001 నాటి రూపముతో అది రికార్డునకు సాటివచ్చెను. నేడు కంప్యూటరు రెండు పాటల దరువులను తానే కలుపును. అయినను, ఏ పాట, ఎప్పుడు, ఎంత గట్టిగా అను మూడు ప్రశ్నలకు యంత్రము జవాబు చెప్పలేదు.

ఇక అభ్యాసకునకు కొన్ని మాటలు. మొదట హెడ్‌ఫోనును, మిక్సరును మంచివి కొనుడు. వెలుగుదీపముల సొగసుకు పిమ్మట ఖర్చుపెట్టవచ్చును. పాటను నాలుగు దరువుల చొప్పున లెక్కించుట నేర్చుకొనుడు. ఎనిమిది ఆవృత్తములు, అనగా ముప్పదిరెండు దరువులు, పూర్తియైనచోట కొత్త పాట నారంభించినచో అతుకు కనబడదు. రెండు పాటల మంద్రస్వరములు ఒక్కసారి మ్రోగినచో బురదవలె కలగిపోవును. కావున ఒకదాని మంద్రమును తగ్గించి రెండవదానిని పెంచవలెను. మిక్సరుమీది యెఱ్ఱదీపము వెలుగుట గొప్పగాదు. ధ్వని విఱుగుచున్నదని హెచ్చరిక. రికార్డులే వాయించువారు యంత్రములను స్పీకర్ల కంపనము తగులని బరువైన బల్లమీద నుంచి, గుంయిమను రొద రాకుండ ఎర్తుతీగ తగిలింపవలెను.

సభకు జనము రాకమున్నే చేరి ధ్వనిని పరీక్షింపుడు. ఖాళీ హాలులో చుఱుకుగా వినబడిన పైస్వరములు, జనము నిండినపుడు వారి బట్టలలోను దేహములలోను ఇంకి మందగించును. అప్పుడు మరల సవరింపవలెను. తీగలు, పాటల ప్రతులు రెండేసి యుంచుకొనుడు. కరెంటు పోయినపుడు జెనరేటరు ఎవరు తెత్తురు, సొమ్మెంత, ఎన్ని గంటలు, ముగింపెప్పుడు అను సంగతులు ముందే కాగితముమీద వ్రాసికొన్నచో పిదప మాటపట్టింపు లుండవు. ఉన్న పెద్దపాటలన్నియు మొదటి గంటలోనే వాయింపకుడు; విస్తరిలో పాయసము చివరకే వడ్డింతురు గదా! ఎవరైన ఒక పాట కోరినచో విసుగుకొనక విని, తగిన తావున నిముడ్చుడు. తల దించి యంత్రమునే చూచువాడు సభను పోగొట్టుకొనును. కన్నులు ఎప్పుడును ఆడువారి పాదములమీద నుండవలెను.

చివరి విషయము చెవినిగూర్చి. ఎనుబదియైదు డెసిబెళ్ల ధ్వనిని దినమున కెనిమిది గంటలు వినవచ్చునని వృత్తియారోగ్య శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఆపైన మూడేసి డెసిబెళ్లు పెరిగినకొలది ఆ కాలము సగమగును. నూరు డెసిబెళ్లకు పదునైదు నిమిషములే మిగులును. పోయిన వినికిడి మరల రాదు. చెవిచెడిన డి.జె. చేయిపడిన చిత్రకారుడే. మన దేశమున 2000 నాటి శబ్దకాలుష్య నియమములు రాత్రి పదిగంటలనుండి ఉదయ మాఱువఱకు ఆరుబయట లౌడుస్పీకర్లను నిషేధించినవి. నివాసస్థలములలో పగటి పరిమితి 55 డెసిబెళ్లు, రాత్రి 45. 2024 లో హైదరాబాదు పోలీసువారు మతపరమైన యూరేగింపులలో డి.జె. యంత్రములనే నిషేధించిరి. వీథిలో పసిపిల్లయు, వృద్ధుడును, గుండెజబ్బువాడును ఉందురని మఱచినందుకు ఆ విద్య చెల్లించిన మూల్యమిది.

న్యూయార్కులో 1970 ఫిబ్రవరిలో తన యింటనే నాట్యసభ లారంభించిన డేవిడ్ మన్‌కూసో శ్రేష్ఠమైన స్పీకర్లను సంపాదించెను. అతడు కోరినది ధ్వని స్వచ్ఛత. చెవులు చిల్లులుపడు చప్పుడు కాదు. తుదకు మేళవింపును సైతము మానివేసి, ప్రతి పాటను మొదటినుండి తుదివఱకు వాయించెను. అతని సభకు జనము తగ్గలేదు. లౌడుస్పీకర్ల గోడ కట్టుట ధనముగల యెవనికైన సాధ్యమే. వినువాని మనస్సు నెఱిగి, ఒక పాటకు వేఱొక పాటను తోడుగా దెచ్చుట మాత్రము అభ్యాసముచేతనే వచ్చును. ఆ యభ్యాసము చేసిన యువకులు మనలో పెరిగిన నాడు, డి.జె. యను మాట తెలుగునాట చప్పుడునకుగాక మరల మనిషికి పేరగును.