గోదారి వరదలు – మన సంఘాలు

గోదావరి ఒడ్డున పుట్టిన మనకి వరద కొత్త కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా పొలాలకి కాలవ నీళ్ళొచ్చాయి. ఊళ్ళకి ఏటిగట్లు కాపు కాస్తున్నాయి. గట్టుకి ఏటివైపు ఉన్న లంకలకి మాత్రం ఆ కాపు లేదు. వరద వేసిన ఒండ్రు వల్లే లంక భూమికి సత్తువ. ఆ వరదే పాకనీ, పశువునీ పట్టుకుపోతుంది. అందుకే లంకలో కాపురమంటే ఏటా ఏటితో బేరం.

పూర్వం మన పెద్దోళ్ళు నీటి రంగు చూసి వరద పోల్చుకునేవారు. ఎర్రనీరు దిగిందంటే పైన గట్టి వానలు పడ్డట్టే. ఇప్పుడు అంకెలున్నాయి. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులకి ఈ మూడు హెచ్చరికలూ ఇస్తారు. భద్రాచలంలో పెరిగిన నీరు కిందికి రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ ఒక్క రోజే మన చేతిలో ఉన్న గడువు.

1986 ఆగస్టు 16న భద్రాచలంలో నీరు 75.6 అడుగులకి చేరింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గట్లు తెగాయి. డ్వాక్రా పథకం 1982లోనే మొదలైనా, ఆ రోజుకి చాలా ఊళ్ళలో ఆడవాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకునే సంఘమే లేదు. కబురు రచ్చబండ దాకా వచ్చి ఆగిపోయేది. ఎవరింట్లో బాలింత ఉంది, ఎవరి అత్తగారు మంచం దిగలేదు అన్నది ఏ కాగితంలోనూ ఉండేది కాదు.

తర్వాత పొదుపు ఉద్యమం వచ్చింది. 2000లో వెలుగు వచ్చింది, గ్రామ సమాఖ్యలు నిలబడ్డాయి. పొదుపు కోసం కూర్చున్నవాళ్ళమే ఇంటింటి లెక్కా తెలుసుకున్నాం. అదే మనకి వరదలో పనికొచ్చింది. హెచ్చరిక అంకెల్లో వస్తుంది. దాన్ని పనిగా మార్చాల్సింది మనమే. మొదటి హెచ్చరికకి బాలింతల్నీ, ముసలివాళ్ళనీ, పశువుల్నీ గట్టు దాటించాలి. కాజ్‌వే మునిగాక గొడ్డుని తోలడం కుదరదు. గొడ్డుని వదిలి మనిషి కదలడు. ఇది మొండితనమని తిట్టేవాళ్ళకి ఆ గేదె మీదున్న అప్పు తెలీదు. అందుకే ముందు పశువుకి చోటు, గడ్డి చూస్తే మనిషి తనే వస్తాడు.

ఇంకో సంగతి గమనించాలి. 1986, 1990, 2006 పెద్ద వరదలు మూడూ ఆగస్టులో వచ్చాయి. 2022లో మాత్రం జులైలోనే భద్రాచలంలో 71.3 అడుగులు వచ్చింది. శ్రావణం వచ్చాక చూసుకుందాం అనే పాత లెక్క ఇక చెల్లదు. ఏరువాక నాటికే ఆధార్, రేషన్ కార్డు, పాసుపుస్తకం, సంఘం పుస్తకం ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టుకోవాలి. మందులు, అటుకులు, టార్చిలైటు, ఆడపిల్లలకి కావలసిన గుడ్డలు అందులోనే ఉండాలి. పునరావాస కేంద్రంలో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి ఉందో లేదో వరద రాకముందే మనం వెళ్ళి చూసి, లేకపోతే పంచాయతీలో అడగాలి.

నీరు తీశాక వచ్చేది వడ్డీ వరద. బురద ఎత్తిపోసుకోవాలి, పాక నిలబెట్టుకోవాలి, మళ్ళీ విత్తనం కొనాలి. ఆ వారంలో చేతిలో డబ్బు లేకపోతే పాడిగేదెని సగం ధరకి అమ్ముకోవడమో, బయట అప్పు తేవడమో తప్పదు. పొదుపు సొమ్ములోంచి అత్యవసర అప్పు ఎవరికి ముందు, ఎంత, వాయిదాలు ఎప్పటినుంచి అన్నది జూన్ మీటింగులోనే తీర్మానం రాసుకుంటే, వరద రోజున ఎవరూ ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు.

గోదారిని మనం ఆపలేం. కానీ ఆ ఒక్క రోజు గడువు ఏ ఇంటికీ వృథా పోకుండా చూడగలం. ప్రతి సంఘం ఈ తీర్మానాన్ని ఈ ఏడు తన మినిట్స్ పుస్తకంలో రాసుకోవాలని కోరుతున్నాం.