సెంట్రల్ హీటింగు, ఇంటి నీటి గొట్టాల మరమ్మత్తులు

ఇంటిలో ఒకే చోట నీటిని వేడి చేసి, ఆ వేడిని గొట్టాల ద్వారా అన్ని గదులకు చేరవేసే ఏర్పాటును సెంట్రల్ హీటింగు అంటారు. బ్రిటన్‌లో అత్యధిక గృహాలలో ఈ పని సహజవాయువుతో మండే బాయిలరు చేస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాతావరణంలో దీని అవసరము లేదు. అందువలన చదువుకో, ఉద్యోగానికో బ్రిటన్ వెళ్ళిన తెలుగువారిలో చాలామంది గోడకు అమర్చిన రేడియేటరును మొదటిసారి అక్కడే చూస్తారు. దీనిలో వచ్చే లోపాలలో కొన్ని ఇంటివారే సరిచేసుకోదగినవి. మరికొన్ని ప్రాణాపాయము కలిగించేవి. ఈ రెండింటి మధ్య తేడా తెలిసి ఉండడము అవసరము.

చరిత్ర

నేల కింద వేడి గాలిని పంపి గదులను వెచ్చబరచే పద్ధతి ప్రాచీన రోమనులకు తెలుసు. వేడినీటి గొట్టాల పద్ధతికి ఆంజియర్ మార్చ్ పెర్కిన్స్ 1831లో లండనులో పేటెంటు పొందాడు. అయితే సామాన్యుల ఇళ్ళలోకి ఇది చాలా ఆలస్యంగా వచ్చింది. 1965లో ఉత్తర సముద్రపు బ్రిటిష్ భాగంలో సహజవాయువు బయటపడింది. 1967 నుండి 1977 వరకు దేశమంతటా పొయ్యిలను, ఇతర గ్యాసు పరికరాలను ఈ కొత్త వాయువుకు అనుగుణంగా మార్చారు. అంతకు ముందు బొగ్గు నుండి తీసి సరఫరా చేసిన వాయువులో కార్బన్ మోనాక్సైడు సహజంగానే కలిసి ఉండేది. సహజవాయువులో అది లేదు. కాని సరిగా మండనప్పుడు సహజవాయువు నుండి కూడా అదే విషము పుడుతుంది.

నిర్మాణము

బాయిలరులో వేడెక్కిన నీటిని పంపు రేడియేటర్లలోకి నెడుతుంది. చల్లబడిన నీరు తిరిగి బాయిలరుకు చేరుతుంది. ఇదే నీరు ఏళ్ళ తరబడి తిరుగుతూ ఉంటుంది, కొళాయిలో వచ్చే నీటితో దీనికి సంబంధము లేదు. పాత పద్ధతిలో ఇంటి పైకప్పు కింద ఉన్న చిన్న తొట్టి ఈ నీటి లోటును తీరుస్తుంది. కొత్త పద్ధతిలో వలయము పూర్తిగా మూసి ఉండి, పీడనముతో పనిచేస్తుంది. కాంబి బాయిలరు అనే రకము కొళాయి నీటిని కూడా అప్పటికప్పుడు వేడి చేస్తుంది కనుక దానికి వేడినీటి ట్యాంకు అక్కరలేదు.

రేడియేటరు చల్లగా ఉండుట

రేడియేటరులో ఏ భాగము చల్లగా ఉన్నదో చేతితో తాకి చూస్తే కారణము చాలావరకు తెలుస్తుంది. పైభాగము చల్లగా, కింది భాగము వేడిగా ఉంటే లోపల గాలి చేరినట్లు. హీటింగు ఆపి, నీరు చల్లారిన తరువాత, రేడియేటరు పై మూలన ఉన్న చిన్న చదరపు మరను దానికై అమ్మే తాళంచెవితో అర చుట్టు వదులు చేయాలి. బుస్సుమని గాలి పోయి, నీటి చుక్కలు రాగానే బిగించాలి. కింద ఒక గుడ్డ పట్టుకోవడము మంచిది, ఎందుకంటే ఆ నీరు తరచు నల్లగా ఉండి తివాచీపై మరకలు చేస్తుంది. గాలి తీసిన తరువాత వలయములో పీడనము తగ్గుతుంది కనుక దానిని తిరిగి చూసుకోవాలి.

కొన్ని ఇళ్ళలో ప్రతి నెలా గాలి తీయవలసి వస్తుంది. ఇది సాధారణ విషయము కాదు. ఉక్కు తుప్పు పట్టేటప్పుడు పుట్టే హైడ్రోజను కూడా ఈ విధంగానే పైన చేరుతుంది. అందుచేత మాటిమాటికీ గాలి తీసుకుంటూ పోవడము కంటే తుప్పుకు కారణము వెదకడము మేలు.

కింది భాగము చల్లగా ఉంటే అడుగున బురద పేరుకున్నదని అర్థము. ఇది ఎక్కువగా మాగ్నటైటు అనే నల్లని ఇనుప ఆక్సైడు. అయస్కాంతానికి అంటుకునే గుణము దీనికి ఉన్నందున, గొట్టములో అయస్కాంతపు వడపోత పెట్టి దీనిని పట్టవచ్చు. వలయమును కడిగించి, తుప్పును ఆపే రసాయనము కలిపించాలి. ఒక్క రేడియేటరు పూర్తిగా చల్లగా ఉంటే, వేసవి అంతా కదలక దాని ఉష్ణ నియంత్రణ వాల్వులోని సూది బిగుసుకుపోయి ఉండవచ్చు. వాల్వు తల విప్పి సూదిని మెల్లగా నొక్కితే తిరిగి పైకి లేవాలి. పటకారుతో లాగితే ఊడి వచ్చి నీరు చిమ్మే ప్రమాదముంది.

పీడనము తగ్గుట, పెరుగుట

మూసిన వలయము చల్లగా ఉన్నప్పుడు పీడనము సాధారణంగా 1 నుండి 1.5 బార్ వరకు ఉండాలి. వేడెక్కినప్పుడు కొంత పెరగడము సహజము. 3 బార్ దాటితే రక్షణ వాల్వు తెరుచుకొని నీటిని ఇంటి బయటకు వదలుతుంది. పీడనము తగ్గినప్పుడు, నింపడానికి అమర్చిన గొట్టపు వాల్వులను తెరచి ముల్లు సరైన చోటికి రాగానే మూసివేస్తారు. రేడియేటరు మురికినీరు తాగునీటిలోకి వెనుదిరిగి రాకుండా, నింపిన తరువాత ఆ గొట్టమును విడదీసి ఉంచాలి.

వారానికొకసారి నింపవలసి వస్తే ఎక్కడో నీరు కారుతున్నట్లే. నింపిన ప్రతిసారీ కొత్త నీటితోపాటు ప్రాణవాయువు లోపలికి వెళ్ళి తుప్పును పెంచుతుంది. తుప్పు మళ్ళీ గొట్టాలను, రేడియేటర్లను తినివేస్తుంది. వేడిగా ఉన్నప్పుడు ముల్లు 3 దగ్గరకు పోయి, చల్లారగానే సున్నాకు పడిపోతుంటే లోపము సాధారణంగా వ్యాకోచ పాత్రలో ఉంటుంది. దానిలోని రబ్బరు పొరకు అవతల నింపిన గాలి తగ్గిపోవడము వలన వ్యాకోచించిన నీటికి చోటు దొరకదు.

గడ్డకట్టుట

ఇంగ్లండు, వేల్సులలో 2005 ఏప్రిల్ నుండి కొత్తగా అమర్చే గ్యాసు బాయిలర్లు సాధారణంగా కండెన్సింగ్ రకానికి చెంది ఉండాలి. ఇవి పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా వాడుకుంటాయి. స్వల్ప ఆమ్లగుణము గల ఆ నీరు ఒక ప్లాస్టిక్ గొట్టము ద్వారా బయటకు పోతుంది. గొట్టము సన్నగా ఉండి ఇంటి బయట సాగితే, తీవ్రమైన చలిలో నీరు లోపలే గడ్డకట్టి, గొట్టము మూసుకొని బాయిలరు ఆగిపోతుంది. 1910లో దేశవ్యాప్త నమోదు మొదలైన తరువాత అత్యంత చల్లని డిసెంబరుగా నమోదైన 2010 డిసెంబరులో ఈ విధంగా అనేక ఇళ్ళ బాయిలర్లు ఆగిపోయాయి. వేడి అత్యవసరమైన రోజుననే ఆగిపోవడము ఈ రూపకల్పనలోని పెద్ద లోపమని చెప్పవచ్చు. గడ్డ కట్టిన చోట గోరువెచ్చని నీరు పోస్తే కరుగుతుంది. మరిగే నీరు పోస్తే గొట్టము పగలవచ్చు.

సరఫరా గొట్టములో నీరు గడ్డకడితే నష్టము మరింత పెద్దది. మంచుగా మారిన నీటి పరిమాణము సుమారు 9 శాతము పెరుగుతుంది. పగులు వెంటనే తెలియదు, మంచు కరిగినప్పుడు ఇల్లంతా నీరు నిండుతుంది. కనుక ఇంటిలో చేరిన మొదటి రోజే సరఫరాను ఆపే ప్రధాన వాల్వు ఎక్కడున్నదో చూసి ఉంచుకోవాలి. అది సాధారణంగా వంటింటి సింకు కింద ఉంటుంది.

కొళాయిలు, మరుగుదొడ్డి తొట్టి

చుక్కలు కారే పాతరకపు కొళాయికి రబ్బరు వాషరు మార్చడము సరిపోతుంది. ముందు కొళాయి కింది చిన్న వాల్వును మూయాలి. దాని మరపై ఉన్న గాడి గొట్టము వెంట ఉంటే తెరిచినట్లు, అడ్డంగా ఉంటే మూసినట్లు. పావు చుట్టుతో తెరిచే కొత్త కొళాయిలలో పింగాణీ బిళ్ళలుంటాయి, వాటిని మొత్తంగా మార్చాలి.

బ్రిటన్‌లోని మరుగుదొడ్డి తొట్లలో 2001 వరకు సైఫను పద్ధతి తప్పనిసరిగా ఉండేది. నీటి మట్టము సరిగా ఉన్నంతవరకు సైఫను కారదు. తరువాత అనుమతించిన వాల్వు రకము తక్కువ నీటితో పనిచేయడానికి వచ్చినా, దాని రబ్బరు అరిగితే పగలు రాత్రి నిశ్శబ్దంగా నీరు కారుతుంది. తొట్టిలో కొంచెము ఆహారపు రంగు వేసి, కాసేపు వాడకుండా ఉంచితే, రంగు కింది పాత్రలో కనిపించి విషయము బయటపడుతుంది.

కార్బన్ మోనాక్సైడు ప్రమాదము

బాయిలరు లోపలి మూత తెరవడము, గ్యాసు గొట్టమును కదిలించడము ఇంటివారి పని కాదు. ఆ పని 2009 ఏప్రిల్ 1 నుండి గ్యాస్ సేఫ్ రిజిస్టరులో నమోదైనవారే చేయాలి. అద్దె ఇంటిలోని గ్యాసు పరికరాలను యజమాని ఏటా అటువంటి వారిచేత పరీక్ష చేయించి, ఆ పత్రము అద్దెకున్నవారికి ఇవ్వడము చట్టరీత్యా విధి. పత్రము అడగడానికి విద్యార్థులు సంకోచించనవసరము లేదు.

కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. రక్తములోని హీమోగ్లోబిను ప్రాణవాయువు కంటే దీనిని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారము, మగత కలుగుతాయి. ఇవి జలుబు జ్వరములా కనిపించినా ఇంటి బయటకు వెళ్ళగానే తగ్గుతాయి, ఇంటిలో అందరికీ ఒకేసారి వస్తాయి. నీలి మంటకు బదులు పసుపు మంట, పరికరము చుట్టూ మసి మరికొన్ని గుర్తులు. కిటికీలు తెరచి, పరికరము ఆపి, అందరూ బయటకు రావాలి. బ్రిటన్ జాతీయ గ్యాసు అత్యవసర సంఖ్య 0800 111 999. ఇంగ్లండులో 2022 అక్టోబరు నుండి వంటపొయ్యి మినహా ఇంధనము మండే స్థిర పరికరము ఉన్న ప్రతి అద్దె నివాసపు గదిలో దీనిని పసిగట్టే అలారము ఉండాలి.

భారతదేశములో గాలి ఆడని స్నానాల గదులలో గ్యాసు గీజర్ల వలన జరిగే మరణాలకు కారణము కూడా ఇదే వాయువు.