బనగానపల్లె రాయి, వజ్రం పుట్టుక

బనగానపల్లె కొండల్లో వజ్రాలు తవ్వినవాళ్లకు ఏ రాయిని పగలగొట్టాలో తెలుసు. పైనున్న గట్టి ఇసుకరాతిని తొలిచి, దాని కిందున్న పలచటి గుండ్రాళ్ల పొరను పట్టుకునేవారు. దాన్ని దంచి, కడిగి, ఎండలో పరచి చేత్తో ఏరేవారు. తరతరాల ప్రత్యక్షానుభవం నేర్పిన విద్య అది. దక్షిణాది గనుల్లో మరో నమ్మకం కూడా ఉండేది: వజ్రం భూమిలో పెరుగుతుందని. ఒకసారి జల్లించి పారేసిన మట్టిలో కొన్నేళ్లకు మళ్లీ వజ్రాలు దొరికితే, ఆ నమ్మకానికి కళ్లెదుటే రుజువు కనబడేది.

కొండలు, కోనలు కొలిచిన మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వోయ్‌సీ ఈ గనులు చూశాడు. 1824లో ఆయన చనిపోయిన మరుసటి ఏడు ఆయన వ్యాసం ఏషియాటిక్ రీసెర్చెస్ పత్రికలో అచ్చయింది. దక్షిణాది వజ్రానికి మాతృక ఈ గుండ్రాళ్ల ఇసుకరాయేనని ఆయన తేల్చాడు. చూసినదాన్ని నమ్మకంగా చెప్పాడు. అయితే దొరికిన చోటునే పుట్టిన చోటుగా ఎంచాడు.

ఈ పొరపాటు ఎక్కడుందో మన తర్కశాస్త్రం చదివినవారికి ఇట్టే తెలుస్తుంది. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. అందులోని ఉదాహరణే చూడండి: పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు, తడి కట్టె కూడా తోడవ్వాలి. రెండు వస్తువులు కలిసి కనబడినంత మాత్రాన వ్యాప్తి, అంటే తప్పనిసరి సంబంధం, కుదరదు. వజ్రమూ ఇసుకరాయీ కలిసి ఉన్నాయి, సరే. ఆ కలయిక పుట్టుకతో వచ్చిందా, కొట్టుకొచ్చి చేరిందా?

జవాబుకు ఆధారం తవ్వేవాళ్ల చేతుల్లోనే ఉంది. ఆ గుండ్రాళ్లు అంతకన్నా పాత రాళ్లు విరిగి, నీళ్లలో దొర్లి అరిగినవి. వాటితోపాటు వజ్రమూ కొట్టుకొచ్చి ఉండవచ్చు. 1872లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ కడప, కర్నూలు శిలలపై గ్రంథం వెలువరించి, ఈ పొరలకు బనగానపల్లె పేరే పెట్టాడు. అప్పటికే దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో వజ్రాలు ఇసుకరాయితో పనిలేకుండా నిలువు గొట్టాల్లాంటి అగ్నిశిలల్లో బయటపడుతున్నాయి. 1887లో మరో భూగర్భ శాస్త్రజ్ఞుడు కార్విల్ లూయిస్ ఆ రాయికి కింబర్లైట్ అని పేరు పెట్టాడు. అనంతపురం జిల్లా వజ్రకరూరులోనూ అలాంటి గొట్టాలే తేలాయి. వాటి వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు. వజ్రం నూటయాభై కిలోమీటర్ల లోతున, అంతకన్నా కింద పుట్టి, అగ్నిశిలతో పైకొస్తుంది. బనగానపల్లె పొరలోకి అది చేరినది మాత్రమే. ఏ గొట్టం నుంచి వచ్చిందన్న ప్రశ్నపై చర్చ ఇంకా సాగుతోంది.

వోయ్‌సీని నేను తక్కువ చేయను. తప్పని తేల్చగలిగేంత స్పష్టంగా చెప్పాడు కాబట్టే తర్వాతివారు ముందుకు నడవగలిగారు. పెరిగే వజ్రం మాటను మాత్రం అలా పరీక్షకు నిలబెట్టినవారు తక్కువ. వాన మట్టిని కడిగితే పాతదే పైకి తేలుతుందన్న మామూలు కారణం దానికి సరిపోతుంది.

ఇప్పటికీ తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు.