బతికుండగా దక్కిన మెప్పు: గ్రామ్ పార్సన్స్ ‘జీపీ’ ఆల్బమ్‌పై ఒక పరిశీలన

గ్రామ్ పార్సన్స్ గురించి రాసేవాళ్లు చాలామంది ఆయన చావు దగ్గరే మొదలుపెడతారు. 1973 సెప్టెంబరు 19న, 26 ఏళ్లకే కాలిఫోర్నియాలోని జాషువా ట్రీలో పోయారు. రాక్‌నీ కంట్రీనీ కలిపిన గాయకుడిగా ఆయనకొచ్చిన పేరులో పాట వాటా ఎంత, ఆ విషాదం వాటా ఎంత అన్న అనుమానం అందుకే వస్తుంది.

ఇది తేల్చడానికి రెండో సోలో ఆల్బమ్ ‘గ్రీవస్ ఏంజెల్’ అంతగా పనికిరాదు. 1974లో అది బయటికొచ్చేసరికి సమీక్షకులకు మరణవార్త తెలుసు. 1973 జనవరిలో రిప్రైజ్ రికార్డు కంపెనీ విడుదల చేసిన తొలి సోలో ఆల్బమ్ ‘జీపీ’ సంగతి వేరు. ‘రోలింగ్ స్టోన్’ పత్రిక దాన్ని మెచ్చుకున్నది ఆయన బతికుండగానే. జనం మాత్రం కొనలేదు. బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికకు అది ఎక్కనేలేదు.

ఇక రికార్డు సంగతి. ఎల్విస్ ప్రెస్లీకి వాయించే జేమ్స్ బర్టన్, గ్లెన్ డి. హార్డిన్, రోనీ టట్‌లను పార్సన్స్ రప్పించుకున్నారు. తోడు గొంతు అప్పటికింకా పేరు రాని ఎమ్మిలూ హ్యారిస్‌ది. యుగళాల్లో ఆమె పైస్థాయిలో నిలకడగా పాడుతుంటే, కింద ఆయన గొంతు అక్కడక్కడా వణుకుతుంది. ఆ వణుకు లోపంగా కాక పాటలోని దిగులుగా వినబడుతుందంటే, చాలావరకు ఆమె పట్టు వల్లే కాబోలు. జే. గైల్స్ బ్యాండ్ పాట ‘క్రై వన్ మోర్ టైమ్’ని ఆయన బ్యారీ టాషియన్ చేత పాడించారు. సొంత పేరుతో వస్తున్న తొలి ఆల్బమ్‌లో ఇలా చేసేవాళ్లు అరుదు!

అయితే ‘రాక్–కంట్రీ సమ్మేళనం’ అన్న కితాబు దీనికి అతుకుతుందా? నాకు సందేహమే. ‘షీ’లో సోల్ సంగీతపు ఛాయ ఉన్న మాట నిజమే గానీ, మిగతాది ఎక్కువగా అచ్చమైన కంట్రీ. ఆ కలయిక బర్డ్స్ బృందంతో చేసిన ‘స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో’ (1968)లో మొలకెత్తి, ఫ్లయింగ్ బరిటో బ్రదర్స్ బృందపు ‘ది గిల్డెడ్ ప్యాలెస్ ఆఫ్ సిన్’ (1969)లో ముదిరింది. ‘జీపీ’ని మెచ్చుకోవాల్సింది కొత్తదనానికి కాదు, పాడిన తీరుకు.

పార్సన్స్ ప్రభావం తర్వాత ఎంత సాగిందన్నదానికి హ్యారిస్ మాటల సాక్ష్యముంది. ఆమె ఆయనకు సన్నిహితురాలు గనక మాటల్ని కాస్త తగ్గించుకుని వినవచ్చు. అమ్మకాల లెక్కను మాత్రం కాదనలేం. పార్సన్స్ పాటలు మూడింటిని చేర్చుకున్న ఆమె ‘ఎలైట్ హోటల్’ (1975) అమెరికా కంట్రీ ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానానికి చేరింది.